చేదినన్నాళ్ళూ చెడని నీరు

హనుమాన్ జంక్షన్‌లో ఆంజనేయస్వామి గుడి దగ్గర నిలబడితే పడమటి రోడ్డు బెజవాడకి, తూర్పు రోడ్డు ఏలూరుకి, ఉత్తరపు రోడ్డు నూజివీడుకి, దక్షిణపు రోడ్డు గుడివాడకి పోతాయి. ప్రయాణికులకి అది బస్సు మారే చోటు. అక్కడ పుట్టి పెరిగినవాళ్ళకి నీళ్ళు మారే చోటు కూడా. నూజివీడు వైపు మెరక. ఎర్రనేలలు, మామిడితోటలు. నుయ్యి లోతుగా తవ్వాలి, అయినా పడిన నీరు తియ్యగా ఉంటుంది. గుడివాడ వైపు పల్లం. నల్లరేగడి, వరిచేలు, ఇంకా కిందికి పోతే కొల్లేరు. అక్కడ కొద్ది లోతుకే నీరు ఊరుతుంది గానీ చాలాచోట్ల ఆ నీరు ఉప్పన. ఈ మెరకకీ ఆ పల్లానికీ మధ్య ఏలూరు కాలువ.

నా చిన్నతనంలో పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు పొలమెంత అన్న తర్వాత వచ్చే మాట నీళ్ళ గురించే. “ఆ ఊరి నీళ్ళకి పప్పు ఉడుకుతుందా?” అని అడిగేవాళ్ళు. కరుకు నీళ్ళలో కందిపప్పు ఎంతసేపు మరిగినా బద్దలు బద్దలుగానే ఉండిపోతుంది. నీళ్ళలోని కాల్షియం గింజలో ఉండే పెక్టిన్‌ని పట్టేసి మెత్తబడనివ్వదు. ఈ రసాయనం సంగతి అప్పుడు మా ఇళ్ళలో ఎవరికీ తెలీదు, పొయ్యి మీది గిన్నే చెప్పేది. ఆ నీళ్ళకి సబ్బు నురగ రాదు, తలంటుకుంటే జిడ్డు వదలదు. పిల్లనిచ్చేవాళ్ళు ఆ ఒక్క ప్రశ్నతో తమ పిల్ల రోజూ ఎంత దూరం నుంచి బిందె మోయాల్సి వస్తుందో తెలుసుకునేవాళ్ళు. నిండు బిందె అంటే పదిహేను, ఇరవై కిలోల బరువు. అది నడుం మీద, రోజుకి ఎన్నోసార్లు.

మా ఊరు సరిగ్గా ఆ మెరకా పల్లం కలిసే అంచున ఉంది. ఒకే వీధిలో ఒకరి నుయ్యి తీపి, నాలుగిళ్ళవతల నుయ్యి ఉప్పన. మా పెరటి నుయ్యి తీపిది. అందుకని తెల్లవారకముందే మా దొడ్డి గుమ్మం తెరిచేవాళ్ళు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఎవరి చేంతాడు వాళ్ళు తెచ్చుకోకూడదని, అందరూ మా తాడూ మా బొక్కెనే వాడాలని నాయనమ్మ నియమం పెట్టింది. అది పెత్తనం కోసం పెట్టినది కాదు. తాడు నేల మీద పడితే మట్టీ పేడా అంటుకుని, దాంతో పాటే నూతిలోకి దిగుతాయి. మా చేంతాడు ఎప్పుడూ గిలక పక్కనున్న కొయ్యకి చుట్టి ఉండేది. నేల తగిలిన తాడుని కడక్కుండా నూతిలోకి వదిలితే, వదిలింది ఎవరైనా సరే, నాయనమ్మ ఊరుకునేది కాదు. నేను బొక్కెనని ధబీమని వదిలితే వంటింట్లోంచే వినపడేది: “అమ్మాయ్, కుదెయ్యకే! అడుగు కదిలిపోతుంది.” బొక్కెన నెమ్మదిగా దిగాలి, నీళ్ళ మీద వాలాలి, ఒక పక్కకి ఒరిగి పైనీటినే తీసుకుని రావాలి. ఆ మెళకువ చేతికి పట్టడానికి నాకు చాలా కాలం పట్టింది.

నూతి నీటికి మొదటి కాపలా నూతిలో ఉండదు, పైనున్న చప్టాలో ఉంటుంది. ఇది ఇప్పటివాళ్ళకి చెబితే ఆశ్చర్యపోతారు. లోపల కుమ్మరి కాల్చిన మట్టి ఒరలు, పైన సిమెంటు ఒరలు, ఆ పైన నడుమెత్తు గోడ. గోడ చుట్టూ వాలుగా కట్టిన చప్టా. ఒలికిన నీళ్ళు, కాళ్ళు కడిగిన నీళ్ళు తిరిగి నూతిలోకి ఇంకకుండా బోదెలోకి జారిపోవాలి. ఆ బోదె అరటి పాదునీ చామదుంపల మడినీ తడుపుకుంటూ పోయేది. చప్టా ఎక్కడ నెర్రె విచ్చినా ఆ వారంలోనే సున్నమూ ఇటుకపొడీ కలిపి మెత్తేవాళ్ళు. చెప్పులు చప్టా కిందే వదలాలి. పెంటపోగు, పశువుల కొట్టం నూతికి దిగువన, దూరంగా ఉండేవి. మురికి చేరే ఏ గుంటైనా నూతికి కనీసం 50 అడుగుల దూరంలో ఉండాలని ఆరోగ్యశాఖ పుస్తకాల్లో తర్వాత చదివాను. మా పెరట్లో అంతకంటే దూరమే ఉండేది. వేప, చింత లాంటి ఆకురాల్చే చెట్లు దగ్గర్లో ఉండనిచ్చేవాళ్ళు కారు. అయినా గాలికి ఆకులు వచ్చి పడుతూనే ఉంటాయి కాబట్టి మాఘ ఫాల్గుణాల్లో నూతి మీద పాత చేపల వల పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టేవాళ్ళు.

కానీ వీటన్నిటికంటే నీళ్ళని బాగా ఉంచింది ఆ పొద్దుటి రద్దీ. నేను ఈ వ్యాసం రాయడానికి కారణమే ఈ సంగతి. నూతి నీరు రోజూ చేదితేనే తాజాగా ఉంటుంది. పదిహేనిళ్ళవాళ్ళు పొద్దునా సాయంత్రం తోడుతుంటే పైన నిలిచిన నీరు వెళ్ళిపోయి, ఒరల సందుల్లోంచి, అడుగు ఇసకలోంచి కొత్త ఊట వస్తుంది. తోడకపోతే నీరు నిలబడుతుంది. పడ్డ ఆకూ పురుగూ కుళ్ళి నీళ్ళలోని ప్రాణవాయువుని తినేస్తాయి. అది అయిపోయాక జరిగే కుళ్ళు వేరు, దాన్నుంచి కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది. ఈ శాస్త్రం తెలియకపోయినా మావాళ్ళకి ఆచరణ తెలుసు. ఏ ఇంటివాళ్ళైనా తాళం వేసి కొన్నాళ్ళు ఊరెళితే పక్కింటివాళ్ళకి రెండు పనులు అప్పగించేవాళ్ళు. గేదెకి గడ్డి వెయ్యడం ఒకటి, నూతిలో రోజూ నాలుగు చేదలు తోడి చెట్లకి పొయ్యడం రెండోది. ఎవరూ తోడకుండా మూలబడ్డ నుయ్యిని మళ్ళీ వాడాల్సి వస్తే ముందు బొక్కెనల కొద్దీ తోడి పారబోసేవాళ్ళు, రంగూ వాసనా చూసేవాళ్ళు, ఆ తర్వాతే నోట్లో పోసుకునేవాళ్ళు.

మా నూతిలో ఒక తాబేలు, కొన్ని చిన్న చేపలు ఉండేవి. చేపలు దోమపిల్లల్ని తింటాయి. మలేరియా సిబ్బంది తర్వాత తర్వాత నూతుల్లో గంబూసియా చేపల్ని వదిలింది కూడా ఇందుకే. తాబేలు ఏం చేసేదో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలీదు, అది పైకి కనపడిన రోజు మాత్రం పిల్లలం ఎవరం బడికి వేళకి వెళ్ళలేదు.

ఏడాదికోసారి వైశాఖం చివర్లో, నీరు బాగా కిందికి పోయినప్పుడు, పూడిక తీయించేవాళ్ళు. ఈ పని చేసేవాళ్ళు ముందు నూతిలోకి దిగరు. వెలిగించిన లాంతరు తాడుకి కట్టి దింపుతారు. దీపం అడుగుదాకా వెలిగితే మనిషి దిగొచ్చు. మధ్యలో మిణుకుమిణుకుమని ఆరిపోతే లోపల చెడుగాలి పేరుకున్నట్టు. అప్పుడు ఆకులున్న పెద్ద కొమ్మని తాడుకి కట్టి పైకీ కిందికీ ఊపి గాలి కదిలించి, మళ్ళీ లాంతరు దింపి చూసేవాళ్ళు. ప్రాణవాయువు చాలక దీపం ఆరేచోట మనిషీ నిలవలేడు. దీపం వెలిగినంత మాత్రాన విషవాయువు ఏదీ లేదని కూడా కాదు. అందుకే దిగేవాడి నడుముకి మోకు కట్టి, పైన ఇద్దరు పట్టుకుని, వాడితో మాట్లాడుతూనే ఉండేవాళ్ళు. జవాబు ఆగితే లాగెయ్యాలి. పాడుబడ్డ నూతుల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో దిగి ఇప్పటికీ మనుషులు చనిపోతున్నారని పేపర్లో చదివినప్పుడల్లా ఆ లాంతరు, ఆ మోకు, ఆ మాటలు గుర్తొస్తాయి.

తట్టల్లో పైకి వచ్చిన నల్లటి బురదలో చెంబులు, మరచెంబు మూతలు, గాజుముక్కలు, ఒకసారి పక్కింటి పెద్దమ్మ చెవి దుద్దు దొరికాయి. బురద అయ్యాక అడుగున శుభ్రంగా కడిగిన ఇసక, దాని మీద గులకరాళ్ళు పరిచేవాళ్ళు. గోడలు కొబ్బరిపీచుతో రుద్ది, కాస్త సున్నం చల్లి, మర్నాడు ఊరిన నీరంతా తోడి పారబోసేవాళ్ళు. ఆ తర్వాతి నీటిలో చంద్రుడు ఎంత స్పష్టంగా కనపడేవాడో చూడటానికి పిల్లలం రాత్రిపూట నూతిలోకి వంగి తిట్లు తినేవాళ్ళం.

కొందరు అడుగున ఉసిరి కర్ర వేయించేవాళ్ళు, ఉప్పు విరుగుతుందని. ఉప్పు విరగడం సంగతి నేను నమ్మను. కానీ ఆ ఆచారం చాలా పాతది. ఆరో శతాబ్దం నాటి వరాహమిహిరుడు బృహత్సంహితలో భూగర్భజలాల గురించి రాసిన అధ్యాయంలో నూతిలో వేయాల్సిన పొడి ఒకటి చెప్పాడు. అందులో తుంగముస్తెలు, వట్టివేరు, ఉసిరి, చిల్లగింజ ఉన్నాయి. వట్టివేరు మా ఇంట్లో కూజాలో పడేది. చిల్లగింజ సంగతికి వస్తే కాలువ దగ్గరికి వెళ్ళాలి.

కృష్ణ మీద బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టింది 1852–55 మధ్య. ఆర్థర్ కాటన్ ఆలోచన, కెప్టెన్ చార్లెస్ ఓర్ చేతిమీదుగా కట్టుబడి. అది 1952లో తెగిపోతే దాని స్థానంలో వచ్చిందే ప్రకాశం బ్యారేజి. ఎడమ గట్టు నుంచి బయల్దేరే కాలువల్లో ఒకటి మా ఏలూరు కాలువ. ఏలూరులో గోదావరి కాలువతో కలుస్తుంది కాబట్టి ఒకప్పుడు ఈ కాలువ మీద పడవలు నడిచేవి. పొలాలకి దాని విలువ లెక్కలు అందరూ రాశారు. ఉప్పునూతుల ఊళ్ళకి అది తాగునీరు ఇచ్చిందన్న సంగతి ఎవరూ అంత గట్టిగా చెప్పలేదు. పల్లపు ఊళ్ళలో పుట్టిన నా స్నేహితురాళ్ళకి అమ్మమ్మల కాలం నుంచీ కాలువే గతి. ఎండాకాలంలో నుయ్యి అడుగంటితే మాకూ అదే.

కాలువ నీళ్ళకి ఒక క్యాలెండరు ఉండేది. ఎండాకాలం మరమ్మతుల కోసం కాలువలు కట్టేసేవాళ్ళు. ఆ ముందే తూము ఎత్తి ఊరి మంచినీళ్ళ చెరువు నింపుకోవాలి. ఆ చెరువులో గొడ్లని దింపకూడదు, బట్టలుతక్కూడదు, కాపలాకి మనిషి ఉండేవాడు. మళ్ళీ కొత్తనీరు వదిలినప్పుడు పిల్లలం గట్టు మీద పరిగెత్తి చూసేవాళ్ళం గానీ మొదటి కొన్నాళ్ళ నీళ్ళు ఎవరూ ముట్టుకోరు. ఎండిన కాలువలో పేరుకున్న చెత్తంతా కడుక్కుని వస్తుందది. ఆ తర్వాత శ్రావణ భాద్రపదాల్లో వరద నీరు. ఎర్రగా, చిక్కగా, గ్లాసులో పోస్తే అడుగు కనపడకుండా ఉండేది.

ఆ ఎర్రనీటిని తేర్చడం వంటింటి పని. చిల్లగింజని గంధపు సాన మీద కాసిని నీళ్ళతో అరగదీసి, ఆ గంధం బిందెలో కలిపి, కదపకుండా వదిలేస్తే తెల్లారేసరికి బురదంతా అడుగున చేరేది. చిల్లగింజలు లేనివాళ్ళు పటిక ముక్కని పట్టుకుని నీళ్ళలో రెండు మూడు చుట్లు తిప్పి తీసేసేవాళ్ళు. ఎక్కువ తిప్పితే నీరు వగరు. రెండూ చేసే పని ఒకటే. బురద రేణువులు ఒకదాన్నొకటి నెట్టేసుకుంటూ నీళ్ళలో తేలుతుంటాయి. పటికలోని అల్యూమినియం, చిల్లగింజలోని జిగురు ఆ నెట్టుడు తగ్గించి, రేణువుల్ని గుంపులుగా కలిపి కిందికి దించుతాయి. బెజవాడ లాంటి పట్నాల నీటి శుద్ధి కేంద్రాలు పెద్ద తొట్టెల్లో చేసేదీ ఇదే. ఫ్లోరైడు తీసేయడానికి నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన నల్గొండ పద్ధతికి కూడా ఈ పటికే ఆధారం.

తేరిన నీటిని వడకట్టే గుడ్డ కొత్తది కాకూడదని నాయనమ్మ పట్టుదల. ఎన్నో ఉతుకులు తిన్న నేత చీర ముక్కని నాలుగు మడతలు వేసి బిందె మూతికి కట్టేది. కొత్త గుడ్డ తెల్లగా ఉంటుంది కదా అంటే, “పాతదాంట్లోంచి నలకైనా దిగదమ్మా” అనేది. 2003లో అమెరికా శాస్త్రవేత్త రీటా కోల్వెల్ బృందం బంగ్లాదేశ్ పల్లెల్లో చేసిన పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. పాత చీరని కనీసం నాలుగు మడతలు వేసి వడకట్టిన నీళ్ళు తాగిన ఊళ్ళలో కలరా సుమారు 48 శాతం తగ్గింది. ఉతికి ఉతికి పోగులు విచ్చుకుని నేత సందులు చిన్నవైపోతాయి, కలరా క్రిమి అంటిపెట్టుకునే నీటిపురుగులు అందులోంచి దిగలేవు. ఆ వార్త చదివిన రోజు నాకు నాయనమ్మ మీద కలిగిన గౌరవం చెప్పలేను. ఆవిడకి కారణం తెలీదు, కానీ ఏ గుడ్డ కట్టాలో తెలుసు.

ఇంట్లోకి వచ్చిన నీళ్ళ సంగతి వేరే కథ. మొదటి నియమం, పాచి నీళ్ళు ఉండకూడదు. పొద్దున లేవగానే నిన్నటి బిందె తులసికోటలోనో కరివేపాకు మొదట్లోనో ఒంపాలి. బిందె లోపల చింతపండు, ఉప్పు వేసి కొబ్బరిపీచుతో తోమాలి, బయట తోమితే చాలదు. పెరట్లో గాబు, గోళెం శుక్రవారం శుక్రవారం ఖాళీ చేసి రుద్దాలి. ఈ రుద్దడంలో ఉన్న విలువ డెంగీ వచ్చాక గానీ అందరికీ అర్థం కాలేదు. ఆ జ్వరం తెచ్చే దోమ నీటి మట్టానికి కాస్త పైన తొట్టి గోడకి గుడ్లు అంటిస్తుంది. నీళ్ళు ఒంపేసినా అవి పొడిగా నెలల తరబడి బతికి, మళ్ళీ నీళ్ళు తగలగానే పొదుగుతాయి. అందుకే ఒంపడం చాలదు, గోడలు రుద్దాలి. ఇప్పుడు ఆరోగ్యశాఖ వారానికోరోజు డ్రై డే అంటోంది. మా పెరట్లో అది తలంటుల రోజుతో కలిసిపోయి ఉండేది.

తాగే నీళ్ళకి రాగి బిందె ఒకటి, కుండ ఒకటి. రాత్రి రాగిలో పోసి ఉంచిన నీళ్ళని పొద్దున తాగాలనేవాళ్ళు. బెంగళూరు పరిశోధకులు 2012లో ప్రచురించిన ప్రయోగాల్లో, కావాలని అతిసార క్రిములు కలిపిన నీటిని 16 గంటలు రాగి పాత్రలో ఉంచితే అవి బతికి కనపడలేదు. అంటే ఒక రాత్రి కంటే కాస్త ఎక్కువ సేపే కావాలి. పైగా బిందె లోపల చిలుము పట్టకుండా ఉండాలి. కుండ సంగతికి వస్తే, ప్రతి వేసవికీ కొత్తది కావాలి. కొత్త కుండని నీళ్ళు పోసి నానబెట్టి, మట్టివాసన పోయేదాకా మార్చి, ఇసక పోసిన తిన్నె మీద కుదురు వేసి పెట్టేవాళ్ళు. ఆ ఇసకని సాయంత్రాలు తడిపేవాళ్ళు. కుండ గోడ సన్నటి రంధ్రాల్లోంచి చెమర్చిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుపోతుంది. ఏడాది వాడేసరికి ఆ రంధ్రాలు నీళ్ళలోని సున్నంతో పూడిపోతాయి, ఇక చల్లదనం ఉండదు. కొల్లేటి వైపు ఊళ్ళలో ఉప్పునీళ్ళకి కుండలు ఇంకా త్వరగా మొద్దుబారేవి.

కుండలో చెయ్యి ముంచడం మా ఇంట్లో పెద్ద తప్పు. పొడవాటి కాడ ఉన్న ఇత్తడి గరిటెతో ముంచి గ్లాసులో పోసుకోవాలి, గ్లాసుతో ముంచకూడదు. దీన్ని ఎంగిలి అనేవాళ్ళు, మడి అనేవాళ్ళు. చిన్నప్పుడు చాదస్తంగా అనిపించింది. నీళ్ళు ఇంటికి వచ్చేదాకా బాగానే ఉండి ఇంట్లో చేతుల వల్ల చెడిపోతాయన్నది అతిసారం మీద పనిచేసే ఏ వైద్యుడైనా మొదట చెప్పే మాట. ఆ గరిటె ఎన్ని జ్వరాలు ఆపిందో లెక్క ఎవరు కడతారు.

ఇలా రాస్తుంటే ఆ కాలంలో నీళ్ళన్నీ అమృతమని అనిపించవచ్చు. అది నిజం కాదు. చిల్లగింజ నీటిని తేటగా చేస్తుంది, క్రిమిని చంపదు. తేటగా, తియ్యగా ఉన్న నూతి నీరు తాగే ఊళ్ళకి ఊళ్ళు కలరాతో పోయాయని మా తాత చెప్పేవాడు. రోగం వచ్చిన ఊళ్ళో నూతుల్లో ఊదారంగు పర్మాంగనేటు కలిపేవాళ్ళట. ఆగ్రాలో పనిచేసిన హ్యాంకిన్ అనే క్రిమిశాస్త్రవేత్త 19వ శతాబ్దం చివర్లో ప్రచారం చేసిన పద్ధతి అది. దానికంటే బ్లీచింగ్ పౌడరు మేలని తర్వాత తేలింది. రాయలసీమ, తెలంగాణల్లో దిగుడుబావుల్లో కాళ్ళు పెట్టి ముంచుకున్న నీళ్ళు తాగినవాళ్ళకి నారికురుపు వచ్చేది, గజం పొడవు పురుగు కాలి చర్మం చీల్చుకుని బయటికొచ్చేది. గుడ్డతో వడకట్టడం నేర్పి, దిగుడుబావులు మూయించి, 2000 నాటికి దేశంలో దాన్ని పూర్తిగా లేకుండా చేశారు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమని ముంచినప్పుడు సముద్రపు నీరు చెరువుల్లోకీ నూతుల్లోకీ చేరింది. మా వైపు నుంచి సాయానికి వెళ్ళొచ్చినవాళ్ళు అన్నం కంటే ముందు మంచినీళ్ళే అడిగారని చెప్పారు. పరిమళాల వట్టివేరు అక్కడేం చేస్తుంది? అక్కడ కావాల్సింది బ్లీచింగు, ట్యాంకర్లు, మళ్ళీ మళ్ళీ తోడి పోసే ఇంజన్లు.

ఇంకోటి కూడా చెప్పాలి. మా దొడ్డి గుమ్మం పదిహేనిళ్ళకి తెరిచి ఉండేదన్నాను. పల్లె నుంచి, అంటే దళితవాడ నుంచి, వచ్చే ఆడవాళ్ళకి తెరిచి లేదు. వాళ్ళు చప్టా అవతల బిందెలు పెట్టుకుని, ఎవరైనా తోడి పోసేదాకా ఎండలో నిలబడేవాళ్ళు. అందరూ వాడే నీటి దగ్గర అంటరానితనం పేరుతో ఎవరినైనా అడ్డగించడం నేరమని 1955లోనే చట్టం వచ్చింది. మా ఊరి నూతి గట్టు దాకా అది రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. వాళ్ళు తాగింది ఎక్కువగా కాలువ దిగువ నీళ్ళు, మా బట్టలుతికిన నీళ్ళు. నీటి శుభ్రత గురించి ఆ రోజుల్లో ఉన్న ఇంత తెలివీ ఈ ఒక్కచోట గుడ్డిదైపోయింది. అందుకే ఊళ్ళో మొదటి చేతిపంపు, మేము బోరింగు అనేది, పల్లెలో వేసినప్పుడు అక్కడి ఆడవాళ్ళ ముఖాల్లో చూసిన వెలుగుని నేను మర్చిపోలేదు.

బోరింగు తర్వాత మోటారు, మోటారు తర్వాత డాబా మీద నల్ల ప్లాస్టిక్ ట్యాంకు, కుళాయి. ఒక్కొక్కటీ ఆడవాళ్ళ నడుముల మీద నుంచి కొన్ని బిందెలు దించింది. ఆ సుఖాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. కానీ బిందె దిగినప్పుడే గిలక ఆగింది. గిలక ఆగిన కొద్దికాలానికే నుయ్యి కంపు కొట్టడం మొదలైంది. నుయ్యి చెడిపోయింది కాబట్టి మానేశామని అందరూ అనుకుంటారు. జరిగింది దానికి తిరగేసి: మానేశాం కాబట్టి చెడిపోయింది. మెరక వైపు లోతు బోర్లు ఊటని కిందికి లాగేశాయి, అదీ నిజమే.

కొన్ని నూతుల్ని ఇల్లు కూలగొట్టిన రద్దుతో పూడ్చారు. అది సరే. కొన్నిటిలోకి మరుగుదొడ్డి గొట్టాలు తిప్పారు. తవ్వే ఖర్చు లేకుండా సిద్ధంగా ఉన్న గొయ్యి కదా అని. ఇది నాకు నిద్రపట్టనివ్వని విషయం. సెప్టిక్ గుంట నుంచి మురికి మట్టి పొరల్లోంచి వడకట్టుకుంటూ నెమ్మదిగా దిగుతుంది. నుయ్యి ఆ పొరలన్నిటినీ దాటి నేరుగా ఊట దాకా తవ్విన దారి. దాంట్లోకి మలం వదలడం అంటే పక్కింటి బోరులోకి వదిలినట్టే. అదే నూతిలోకి డాబా మీది వాననీటిని, ఇసక, కంకర పోసిన గుంటలోంచి వడకట్టి దింపితే వీధి వీధికంతా ఊట పెరుగుతుంది. ఈ రెండు పనులకీ ఒకే గొట్టం చాలు.

ఇప్పుడు జంక్షన్ చుట్టుపక్కల తాగేది ఎక్కువగా ఇరవై లీటర్ల టిన్ను నీళ్ళు. ఆర్‌ఓ యంత్రం ఉప్పుని తీసేస్తుంది, పల్లపు ఊళ్ళకి అది వరమే. కానీ ఆ టిన్ను లోపల చెయ్యి పట్టదు కాబట్టి ఎవరూ తోమరు. ఆటోలో ఎండలో తిరిగి వచ్చి, మూత తీసి నాలుగైదు రోజులు ఇంట్లో ఉంటుంది. దానికీ పాచి నీళ్ళ నియమం వర్తిస్తుంది. టిన్ను నీళ్ళకి నిలవ దోషం లేదని ఎవరు చెప్పారో గానీ, మూత తీసిన క్షణం నుంచి అవీ కుండలో నీళ్ళే.

ఒక్క సందర్భంలో మాత్రం నుయ్యి కావాలి. కాన్పైన 21వ రోజున బాలింత చేత నూతిలో చేద వేయించాలి. పసుపు కుంకుమ పెట్టి, మూడో ఐదో చేదలు తోడించి, అప్పుడు గానీ ఇంటి పనిలోకి రానివ్వరు. బెజవాడ అపార్టుమెంట్లలో దీన్ని కుళాయి దగ్గర కానిచ్చేస్తున్నారు. అలా ఇష్టంలేని మా బంధువులు ఈమధ్య జంక్షన్‌లో నుయ్యి కోసం వెతికారు. మా పిన్నిగారింట్లో ఇనుప జల్లెడ వేసి మూసిన పాత నుయ్యి ఒకటుంది. వారం ముందే వచ్చి చూశాం. నల్లటి నీరు, అదే గుడ్డు వాసన. మోటారు పెట్టి రెండుసార్లు ఖాళీ చేయించాం. నాలుగడుగుల ఒరలు, ఊరిన నీరు పదడుగులు, అంటే సుమారు 3,500 లీటర్లు. వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల బ్లీచింగు లెక్కన రోజువారీ మోతాదు తొమ్మిది గ్రాములు. మూలబడ్డ నుయ్యి కాబట్టి మొదటిసారి ఆరోగ్య కార్యకర్త చెప్పిన ఎక్కువ మోతాదు వేసి, మర్నాడు మళ్ళీ తోడించాం. పొడిని నేరుగా చల్లకూడదు. బకెట్టులో కలిపి, సున్నం అడుగున చేరాక పైతేటని వేరే బకెట్టులోకి ఒంపి, దాన్ని తాడుతో నూతిలోకి దింపి నీటి లోపలే పైకీ కిందికీ ఆడించాలి. గంట తర్వాత వాడొచ్చు.

చేద వేయించడం అయ్యాక మళ్ళీ జల్లెడ వేసేయమంటే పిన్ని ఒప్పుకోలేదు. దోమలు రాకుండా సన్నటి వల, దాని మీద తెరుచుకునే తలుపు పెట్టించింది. గిలకకి నూనె వేయించి, పొద్దునే పది బొక్కెనలు కొబ్బరిచెట్లకి తోడిస్తోంది. నెల తిరిగేసరికి వాసన పోయింది, నీరు తేటపడింది. పప్పు ఉడికిందని ఫోను చేసి చెప్పింది. తాగడానికి మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు. సీసాలో పట్టి పరీక్షకి పంపింది, ఆ కాగితం కోసం చూస్తోంది.